సైరన్ మోత మోటారులో లేదు, రోటరులో ఉంది

2025 మే 7 సాయంత్రం 4 గంటలకు హైదరాబాద్‌లో సైరన్లు మోగాయి. ‘ఆపరేషన్ అభ్యాస్’ పేరుతో కేంద్ర హోంశాఖ దేశంలోని 244 పౌర రక్షణ జిల్లాల్లో జరిపించిన మాక్ డ్రిల్ అది. నగరంలో అందుకు ఎంచుకున్న చోట్లు సికింద్రాబాద్, గోల్కొండ, కంచన్‌బాగ్, మౌలాలి. కంచన్‌బాగ్‌లో డీఆర్‌డీఓ ప్రయోగశాలలు, మౌలాలిలో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, మిగతా రెండు చోట్ల సైన్యం ఉన్నాయి కాబట్టి ఆ ఎంపికను తప్పుపట్టలేం. కానీ పగటిపూట లక్షల మంది పనిచేసే మాదాపూర్, రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆ నాలుగింటిలో లేవు. రేపు ఈ ఐటీ కారిడార్‌లోనూ సైరన్లు పెట్టాలనుకుంటే ఎలాంటివి పెట్టాలి? బజారులో దొరికే సైరన్ మీద సాధారణంగా రెండు అంకెలు కనిపిస్తాయి. మోటారు ఎన్ని హార్స్ పవర్‌దో ఒకటి, శబ్దం ఎన్ని కిలోమీటర్లు వినిపిస్తుందో రెండోది. కొనేవాళ్లు ఈ రెండూ చూసి, ధర సరిపోల్చుకుని కొనేస్తారు. నిజానికి మోత ఎంతన్నది ఈ రెండు అంకెలూ చెప్పవు. దాన్ని తేల్చేది లోపల తిరిగే రోటరు. దాని వ్యాసం, దానికి ఎన్ని కంతలున్నాయి, అది బయటి గోడకు ఎంత దగ్గరగా తిరుగుతోంది అన్నవి తెలిస్తే ఆ సైరన్ ఎక్కడికి పనికొస్తుందో చాలావరకు చెప్పేయవచ్చు.

మోటారు సైరన్‌లో ఉన్నవి రెండే ముఖ్య భాగాలు. మోటారు ఇరుసుకు బిగించిన డ్రమ్ము లాంటి రోటరు ఒకటి, దాని చుట్టూ కదలకుండా ఉండే స్టేటరు రెండోది. రోటరు సాధారణంగా అల్యూమినియం పోత. దాని లోపల రెక్కలుంటాయి, అంచు చుట్టూ సమాన దూరాల్లో కంతలుంటాయి. స్టేటరుకూ అలాంటి కంతలే ఉంటాయి. రెండు జల్లెడలను ఒకదానిలో ఒకటి ఇమిడ్చి లోపలిదాన్ని గిర్రున తిప్పుతున్నట్టు ఊహించుకుంటే చాలు. రోటరు తిరిగినప్పుడు పక్కనున్న నోటి నుంచి గాలి లోపలికి వస్తుంది, రెక్కలు దాన్ని అంచుకు విసిరికొడతాయి. కంతకు కంత ఎదురైతే గాలి బయటకు ఉరుకుతుంది, గోడ అడ్డొస్తే ఆగిపోతుంది. ఇలా సెకనుకు కొన్ని వందల సార్లు జరిగే తెంపులే మనకు వినిపించే మోత. అంటే రోటరు ఒకేసారి రెండు పనులు చేస్తోంది. గాలిని నెట్టే పంకా అదే, ఆ గాలిని ముక్కలు చేసే కత్తీ అదే. 1819లో ఫ్రెంచి శాస్త్రవేత్త కన్యార్ ద లా తూర్ తయారుచేసిన తొలి సైరన్‌లో ఈ రెండో పనే ఉంది. కంతలున్న పళ్లేన్ని తిప్పుతూ దాని గుండా గాలి పంపి, ధ్వని పౌనఃపున్యాన్ని లెక్కగట్టడానికి ఆయన దాన్ని వాడాడు. ప్రయోగశాల పరికరంగా పుట్టిన యంత్రం ఊరినంతా లేపే యంత్రంగా మారాలంటే మొదటి పని, అంటే గాలిని బలంగా నెట్టడం, గట్టిపడాలి.

ఆ నెట్టుడు రోటరు అంచు వేగం మీద ఆధారపడుతుంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి రెండు పోల్స్ ఉన్న మామూలు ఇండక్షన్ మోటారు నిమిషానికి సుమారు 2,850 చుట్లు తిరుగుతుంది. 30 సెంటీమీటర్ల వ్యాసమున్న రోటరును దానికి తగిలిస్తే అంచు సెకనుకు దాదాపు 45 మీటర్లు పరుగెత్తుతుంది. వ్యాసం 40 సెంటీమీటర్లకు పెంచితే చుట్లు మారకపోయినా అంచు వేగం సెకనుకు 60 మీటర్లకు చేరుతుంది. పంకా పుట్టించే ఒత్తిడి అంచు వేగపు వర్గం చొప్పున పెరుగుతుంది కాబట్టి గాలిని తోసే ఒత్తిడి ఒకటిముప్పావు రెట్లు దాటుతుంది. బయటకొచ్చే గాలి పరిమాణం కూడా పెరుగుతుంది. రోటరు కొలతలన్నీ అదే నిష్పత్తిలో పెంచామనుకుంటే గాలిలోకి చేరే శక్తి వ్యాసపు అయిదో ఘాతం చొప్పున, అంటే ఈ ఉదాహరణలో నాలుగు రెట్లకు పైగా పెరుగుతుంది. మూడో వంతు పెద్దదైన రోటరుకు నాలుగు రెట్ల శక్తి కావాలన్న మాట. ఇక్కడే చాలా సైరన్ల గుట్టు బయటపడుతుంది. చిన్న మోటారుకు పెద్ద రోటరు తగిలిస్తే అది పూర్తి వేగానికి ఎప్పటికీ చేరదు. శ్రుతి కిందికి జారుతుంది, మోత తగ్గుతుంది, మోటారు వేడెక్కుతుంది. పెద్ద మోటారుకు చిన్న రోటరు తగిలిస్తే వ్యవహారం తారుమారు. రోటరు తనకు కావలసినంత శక్తినే తీసుకుంటుంది, మిగతా హార్స్ పవర్ లేబుల్ మీదే మిగిలిపోతుంది.

పెద్ద మోటారు పెట్టి, దానికి తగ్గ రోటరునూ పెడితే సరిపోదా అని ఎవరైనా అడగవచ్చు. కొంతవరకు సరిపోతుంది, కానీ ఆ దారి ఖరీదైనది. డెసిబెల్ లెక్క మామూలు కూడికలా నడవదు. శక్తి రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెళ్లే. చెవికి మోత రెట్టింపైనట్టు అనిపించాలంటే 10 డెసిబెళ్లు కావాలి, అందుకు పది రెట్ల శక్తి కావాలి. 2 హార్స్ పవర్ సైరన్‌ను తీసేసి 4 హార్స్ పవర్‌ది పెట్టి, రెట్టింపు వినిపిస్తుందనుకున్న సంస్థకు దక్కేది చెవికి అతి కష్టం మీద తెలిసే తేడా. అదే మోటారు మీద రోటరునూ స్టేటరునూ సరిగ్గా మలిస్తే ఆ 3 డెసిబెళ్లు పైసా కరెంటు ఖర్చు లేకుండా దొరకవచ్చు. మామూలు సైరన్లలో మోటారు ఇచ్చే శక్తిలో ఎక్కువ భాగం శబ్దంగా మారదు. రెక్కల దగ్గర సుళ్లు తిరిగి, సందుల్లోంచి కారిపోయి, చివరికి వేడిగా పోతుంది. ఆ పోయేదాన్ని పట్టుకోవడమే రోటరు రూపకల్పనలో అసలు విద్య.

అందులో మొదట తేల్చుకోవలసింది కంతల సంఖ్య. లెక్క సులువు. సెకనుకు ఎన్ని చుట్లో చూసి, దాన్ని కంతల సంఖ్యతో గుణిస్తే పౌనఃపున్యం వస్తుంది. 2,850 చుట్ల మోటారు మీద 10 కంతల రోటరు 475 హెర్ట్జ్‌ల శ్రుతిలో కూస్తుంది. జర్మనీలో ఊరూరా ఇళ్ల కప్పుల మీద కనిపించే ఈ-57 సైరన్‌కు 2,800 చుట్ల దగ్గర 420 హెర్ట్జ్‌లు వస్తాయి, అంటే దానికి 9 కంతలు. మన రోటరుకు 20 కంతలు పెడితే 950 హెర్ట్జ్‌లు వస్తాయి. మనిషి చెవి 475 కన్నా 950 హెర్ట్జ్‌లను బాగా పట్టుకుంటుంది కాబట్టి దగ్గర నిలబడి వింటే ఇరవై కంతలదే గట్టిగా ఉందనిపిస్తుంది. దుకాణంలో నిలబడి విని కొనేవాళ్లు మోసపోయేది ఇక్కడే. గాలి పై శ్రుతులను ఎక్కువగా మింగేస్తుంది. 20 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న గాలి కిలోమీటరుకు 500 హెర్ట్జ్‌ల ధ్వని నుంచి 3 డెసిబెళ్ల లోపే తినేస్తే, 1,000 హెర్ట్జ్‌ల నుంచి 5, 4,000 హెర్ట్జ్‌ల నుంచి సుమారు 23 డెసిబెళ్లు తినేస్తుంది. పైగా 475 హెర్ట్జ్‌ల ధ్వని తరంగం పొడవు 70 సెంటీమీటర్లకు పైనే. అడ్డొచ్చిన గోడల అంచుల దగ్గర అది ఒంగి అవతలికి వెళ్లగలదు. 4,000 హెర్ట్జ్‌ల తరంగం పొడవు తొమ్మిది సెంటీమీటర్లు కూడా లేదు. గోడ వెనక నిలబడితే అది తెగిపోయినట్టే. ఆఫీసు లోపల మోగే ఫైర్ హూటర్ కీచుమనడానికీ, ఊరికి పెట్టే సైరన్ గంభీరంగా కూయడానికీ కారణం ఇదే.

రెండోది కంతల ఆకారం, సందు. 30 సెంటీమీటర్ల రోటరు చుట్టుకొలత 94 సెంటీమీటర్లు. పది కంతలు, వాటి మధ్య పది గోడలు అనుకుంటే ఒక్కొక్కటి 4.7 సెంటీమీటర్ల వెడల్పు. గోడ కంతను పూర్తిగా మూసినప్పుడు గాలి ఆగిపోవాలి. కానీ రోటరుకూ స్టేటరుకూ మధ్య 3 మిల్లీమీటర్ల సందు ఉందనుకోండి. ప్రతి కంతకు రెండు అంచుల దగ్గరా కలిపి 6 మిల్లీమీటర్ల దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. తెరుచుకునే దారిలో ఇది ఎనిమిదో వంతు. శబ్దం పుట్టేది గాలి పోవడం వల్ల కాదు, పోవడానికీ ఆగడానికీ ఉన్న తేడా వల్ల. ఆ తేడాలో ఎనిమిదో వంతు తగ్గితే డెసిబెల్‌కు పైగా పోయినట్టే. ఇరవై కంతల రోటరులో కంత వెడల్పు సగమే కాబట్టి అదే సందు నష్టాన్ని రెట్టింపు చేస్తుంది. మరి సందును వెంట్రుకంత చేస్తే? ఎండాకాలం మధ్యాహ్నం భవనం కప్పు మీద కాగిన అల్యూమినియం వ్యాకోచిస్తుంది, బేరింగులు అరిగి ఇరుసు కొంచెం ఊగుతుంది, దుమ్ము పేరుకుంటుంది. వెంట్రుకంత సందులో రోటరు ఒరుసుకుని, అవసరమైన రోజునే బిగుసుకుపోతుంది. కాబట్టి మంచి సైరన్ అంటే సందు తక్కువున్నదే కాదు, ఆ తక్కువ సందును ఏళ్ల తరబడి నిలబెట్టుకోగల పోత, సమతూకం, బేరింగులు ఉన్నది. చౌక సైరన్‌కూ ఖరీదైనదానికీ ధరలో కనిపించే తేడా ఎక్కువగా ఇక్కడిదే, మోటారుది కాదు.

ఇన్ని చిక్కులూ రోటరు చేత రెండు పనులు చేయించడం వల్ల వచ్చినవే. ఆ రెంటినీ విడదీస్తే ఏమవుతుందో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఇంజినీర్లు తేల్చిచూపారు. బెల్ ల్యాబ్స్ రూపకల్పనతో క్రైస్లర్ కంపెనీ 1942లో విక్టరీ సైరన్ తయారుచేసింది. అందులో గాలిని నెట్టే పని వేరే కంప్రెసర్‌ది, రోటరు పని తెంపడం ఒక్కటే. కంతల బయట ఒక్కోదానికి కొమ్ము బిగించారు. కొమ్ము లేకపోతే కంత నుంచి దూకిన ఒత్తిడిలో చాలా భాగం బయటి గాలిని కదిలించలేక వృథా అవుతుంది. బెల్ ల్యాబ్స్ శాస్త్రవేత్త ఆర్. క్లార్క్ జోన్స్ 1946లో ప్రచురించిన వ్యాసానికి ‘యాభై హార్స్ పవర్ సైరన్’ అనే పేరు పెట్టాడు. ఆ యాభై ఇంజిను శక్తి కాదు, బయటకొచ్చే శబ్దపు శక్తి. సంపీడన గాలిలోని శక్తిలో దాదాపు 70 శాతం శబ్దంగా మారింది. 1952లో వచ్చిన తరువాతి నమూనాలో 180 హార్స్ పవర్ వీ-8 ఇంజిను పెట్టారు. అది 100 అడుగుల దూరంలో 138 డెసిబెళ్లు ఇచ్చేది. అదే ఏడాది ఫెడరల్ కంపెనీ తెచ్చిన థండర్‌బోల్ట్ కూడా విడి బ్లోయరుతో గాలి పంపి, చిన్న రోటరుతో తెంపి, తిరిగే కొమ్ములోంచి వదిలే పద్ధతిదే. అంత మోత ఇంజిను వల్లే వచ్చిందనుకుంటే సగమే నిజం. ఇంజిను బలాన్ని వృథా కానివ్వని రోటరు, కొమ్ముల వల్లే మిగతా సగం.

మోటారు లేబుల్ మీద కనపడని మరో సంగతి రోటరు బరువు. మన పౌర రక్షణ పద్ధతిలో ప్రమాద హెచ్చరిక అంటే ఎక్కుతూ దిగుతూ వచ్చే కూత, ప్రమాదం తప్పిందని చెప్పడం అంటే ఒకే తీరున సాగే కూత. మోటారు సైరన్‌లో ఎక్కి దిగే కూత కోసం స్విచ్ వేసి తీస్తూ ఉంటారు. స్విచ్ తీసినప్పుడు రోటరు తన జడత్వంతో తిరుగుతూ మెల్లగా తగ్గుతుంది, వేసినప్పుడు మళ్లీ పుంజుకుంటుంది. బరువైన రోటరు పుంజుకోవడానికి చాలా సెకన్లు పడుతుంది. పూర్తి వేగం అందుకునేలోపే మళ్లీ స్విచ్ తీసే సమయం వచ్చేస్తుంది. వేగం సగానికి పడితే శ్రుతి కూడా సగమై, మోత తక్కువలో తక్కువ 9 డెసిబెళ్లు పడిపోతుంది. అంటే స్థిరమైన కూతకు కొలిచి రాసిన డెసిబెళ్లు అసలు ప్రమాద హెచ్చరికలో క్షణకాలమే వినిపిస్తాయి. తేలికైన, సమతూకం కుదిరిన రోటరు ఇక్కడ గెలుస్తుంది. రెండు రోటర్లున్న సైరన్లలో ఒకదానికి 10, మరొకదానికి 12 కంతలు పెట్టే పద్ధతీ ఇలాంటిదే. దానివల్ల డెసిబెళ్లు పెరగవు. 475, 570 హెర్ట్జ్‌ల శ్రుతులు ఒకదానితో ఒకటి రాసుకుని గరగరమనే మోత పుడుతుంది. హారన్ల మధ్య, జనరేటర్ల మధ్య కూడా అది వేరుగా చెవిన పడుతుంది. మీటరు మీద పెద్ద అంకె కన్నా మనిషి తలెత్తి చూడటం ముఖ్యమైనప్పుడు ఈ ఎంపికకు విలువ ఉంది.

ఇప్పుడు ఆ కిలోమీటర్ల లెక్క సంగతి చూద్దాం. బయలు మైదానంలో, గాలి లేని రాత్రి, శబ్దం దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెళ్లు తగ్గుతుంది. ఊళ్లల్లో ఇళ్లు, చెట్లు, గాలి కలిసి ఇంకా తినేస్తాయి కాబట్టి అమెరికా పౌర రక్షణ మార్గదర్శకాలు రెట్టింపు దూరానికి 10 డెసిబెళ్ల నష్టం లెక్కగట్టి, సైరన్ చివరి శ్రోతకు 70 డెసిబెళ్లయినా అందాలని చెప్పాయి. ఈ లెక్కన 30 మీటర్ల దగ్గర 115 డెసిబెళ్లిచ్చే సైరన్ దాదాపు 680 మీటర్ల దాకా పనిచేస్తుంది. ‘5 కిలోమీటర్లు’ అని రాసిన సైరన్ నగరంలో నిజంగా అంత దూరం పనిచేయాలంటే 30 మీటర్ల దగ్గర 144 డెసిబెళ్లు ఇవ్వాలి. 180 హార్స్ పవర్ ఇంజినున్న క్రైస్లర్ రాక్షసి కూడా ఇచ్చింది 138. ఆ లెక్కన దాని పరిధే మూడున్నర కిలోమీటర్ల లోపు. మరి ఆ లేబుళ్లన్నీ అబద్ధాలేనా అంటే, పూర్తిగా కాదు. 6 డెసిబెళ్ల మైదానం లెక్కలో అదే 115 డెసిబెళ్ల సైరన్ 5 కిలోమీటర్లు అందుకుంటుంది. ఎవరూ తిరగని బయలులో నిజమైన అంకె మాదాపూర్ సైబర్ టవర్స్ కూడలిలో ఏడో వంతుకు కుదించుకుపోతుంది. ఏ దూరంలో కొలిచిన డెసిబెల్, ఏ పరిస్థితిలో లెక్కగట్టిన కిలోమీటరు అని అడగకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

ఐటీ కారిడార్‌లో ఈ కుదింపు మరింత గట్టిగా పనిచేస్తుంది. సింగరేణి గనుల షిఫ్టు సైరన్, వరంగల్ ఆజంజాహి మిల్లు సైరన్ ఒకప్పుడు ఊరంతటికీ గడియారాలు. 1971 యుద్ధంలో విశాఖలో బ్లాక్అవుట్ల నాడు కూడా సైరనే జనాన్ని అప్రమత్తం చేసింది. ఆనాటి ఊళ్లల్లో ఇళ్లు ఒకటి రెండు అంతస్తులవే. సైరన్ అన్నిటికన్నా ఎత్తున ఉండేది, మోత కప్పుల మీదుగా సాగిపోయేది. 1998లో వాజ్‌పేయి ప్రారంభించిన సైబర్ టవర్స్ పది అంతస్తుల భవనం. అప్పట్లో చుట్టూ రాళ్లు, బయళ్లు కాబట్టి దాని కప్పు మీద సైరన్ పెట్టి ఉంటే చాలా దూరం వినిపించేది. ఇప్పుడు రాయదుర్గం నాలెడ్జ్ సిటీ, నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లలో అంతకు రెట్టింపు, మూడింతల ఎత్తున్న అద్దాల భవనాలు ఒకదాని పక్కన ఒకటి నిలిచాయి. అద్దం శబ్దాన్ని పీల్చుకోదు, తిప్పికొడుతుంది. ఒక వీధిలో మోత రెండింతలై ప్రతిధ్వనిస్తే, పక్క వీధిలో భవనం నీడలో సన్నగిల్లుతుంది. పైగా వాణిజ్య ప్రాంతంలో పగలు 65 డెసిబెళ్లు మించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నా, బయోడైవర్సిటీ కూడలిలో సాయంత్రం ఏడింటికి నిలబడిన వారెవరికైనా ఆ హద్దు కాగితం మీదిదేనని తెలుసు. సైరన్ ఆ రొదకు పైన కనీసం పది డెసిబెళ్లుంటేనే గుర్తుపట్టగలం. ఇలాంటి చోట ఒక మహా సైరన్ కన్నా, తక్కువ శ్రుతి రోటర్లున్న మధ్యరకం సైరన్లు కొన్నిటిని ఏడెనిమిది వందల మీటర్లకు ఒకటి చొప్పున పెట్టడం మేలు. ఒకే 138 డెసిబెళ్ల సైరన్ కింద నడిచేవాడి చెవులు పాడవుతాయి, అయినా మూల మలుపు తిరిగినవాడికి అది అందదు.

అందరి చేతుల్లో ఫోన్లున్న ప్రాంతానికి ఈ పాతకాలపు ఇనుప గొంతు ఎందుకన్నది పెద్ద అభ్యంతరం. 2023లో కేంద్రం సెల్ బ్రాడ్‌కాస్ట్ హెచ్చరికలను పరీక్షించినప్పుడు ఫోన్లన్నీ ఒక్కసారిగా బీప్‌మన్నాయి. ఏం జరిగింది, ఎటు పోవాలి అన్నది ఆ సందేశం చెప్పగలదు, సైరన్ చెప్పలేదు. పైగా సీల్ చేసిన రెండు పొరల అద్దం బయటి శబ్దంలో సుమారు 30 డెసిబెళ్లు ఆపేస్తుంది. బయట 70 ఉన్న సైరన్ లోపల 40కి పడి, ఏసీ హోరులో కలిసిపోతుంది. కాబట్టి పన్నెండో అంతస్తులో కూర్చున్న ఉద్యోగికి సైరన్ దిక్కు కాదన్నది ఒప్పుకోవలసిందే. అతనికి ఫోను, భవనం లోపలి హూటర్లే దిక్కు. కానీ కారిడార్ అంటే అద్దాల లోపలి మనుషులే కాదు. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డులు, సెంట్రింగ్ మీద కూలీలు, హెల్మెట్ పెట్టుకుని బైక్ మీద వెళ్తున్న డెలివరీ కుర్రాళ్లు, టీ బండ్లు, రాయదుర్గం మెట్రో మెట్ల మీద జనం, వీళ్లంతా ఆరుబయట ఉన్నవాళ్లు. వీళ్ల ఫోన్ జేబులో ఉంటుంది, ఛార్జింగ్ అయిపోయి ఉంటుంది, లేదా టవర్‌కే కరెంటు పోయి ఉంటుంది. సైరన్ పని వాళ్ల తలలు తిప్పి, ఫోన్ చూసేలానో పక్కవాణ్ని అడిగేలానో చేయడం. ఫోన్ దాని స్థానంలోకి రాదు, దాని పక్కన నిలుస్తుంది.

అయితే ఎలక్ట్రానిక్ సైరన్లు పెడితే సరిపోదా అన్నది రెండో అభ్యంతరం. అందులో బలం ఉంది. స్పీకర్ల వరుసతో నడిచే సైరన్ మాట్లాడగలదు, బ్యాటరీ మీద నడుస్తుంది, శ్రుతిని ఇష్టమొచ్చినట్టు మారుస్తుంది, ఎక్కి దిగే కూతలో పుంజుకునే ఆలస్యం ఉండదు. తెలుగులో ‘రోడ్డు మీద నుంచి పక్కకు వెళ్లండి’ అని చెప్పగల యంత్రం విలువను కాదనలేం. కానీ అక్కడా కొలత నియమం ఇదే. డ్రైవర్లు ఎన్ని, కొమ్ము ఆకారం ఎలాంటిది, ఏ శ్రుతి దగ్గర ఎంత మోత అని అడగకుండా ఆంప్లిఫయర్ వాట్లు మాత్రమే చూసి కొంటే, హార్స్ పవర్ చూసి కొన్నవాడి గతే పడుతుంది. వాట్లు రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెళ్లే. మోటారు సైరన్‌కు ఉన్న బలం దాని సాదాతనం. ఒక మోటారు, ఒక రోటరు, రెండు బేరింగులు, ఒక స్విచ్. నెలకోసారి మోగించి, ఏడాదికోసారి విప్పి సందు చూసి, గ్రీజు పెట్టగల మెకానిక్ మన దగ్గర ఎక్కడైనా దొరుకుతాడు. కాబట్టి రెండిట్లో ఏది గొప్పదన్న వాదన కన్నా, కొనేది ఏదైనా దాని మోత ఎక్కడ పుడుతోందో తెలుసుకోవడం ముఖ్యం.

ఎంత మంచి రోటరైనా మీట నొక్కే చెయ్యి లేకపోతే మూగదే. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ తన నివేదికలో, సైరన్‌ను మోగించగల మీటలు ప్లాంటులో 36 చోట్ల ఉన్నా దాన్ని మోగించలేదని తేల్చింది. ఈ ఉదాహరణ చూపి యంత్రం గురించి ఇంత తర్కం ఎందుకనేవాళ్లుంటారు. నిజానికి రెండూ ఒకే గొలుసులోని లంకెలు. మనిషి నొక్కకపోతే సైరన్ పనికిరాదు. నొక్కినా మూడో వీధికి వినిపించకపోతే మనిషి పనీ వృథాయే. మొదటి లోపం విచారణలో బయటపడుతుంది. రెండోది ఎక్కడా నమోదు కాదు, ఎందుకంటే సైరన్ మోగిందని అందరూ ప్రమాణం చేయగలరు. వినబడనివాళ్ల సాక్ష్యం ఎవరూ అడగరు.

ఇక శబ్ద కాలుష్యం పేరుతో వచ్చే అభ్యంతరానికి సమాధానం చిన్నదే. రాత్రిపూట శబ్ద పరికరాల మీద ఉన్న నిషేధం నుంచి ప్రజా అత్యవసరాలను 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలే మినహాయించాయి. చెవులకు హాని అన్నదానికి విరుగుడు ఎత్తులో ఉంది. స్తంభం మీదో భవనం కప్పు మీదో తగినంత ఎత్తున పెట్టి, రోటరు నోరు బాల్కనీల వైపు తిరగకుండా చూస్తే, కింద నడిచేవారికి ప్రమాదకరమైన మోత అందదు. తక్కువ శ్రుతి రోటరుతో నడిచే అనేక మధ్యరకం సైరన్ల పద్ధతి ఈ విషయంలోనూ ఒక్క మహా సైరన్ కన్నా మనుషుల పట్ల దయగా ఉంటుంది.

కారిడార్‌లోని క్యాంపస్‌ల ఫెసిలిటీ మేనేజర్లు, గేటెడ్ కమ్యూనిటీల సంఘాలు, టెండర్లు రాసే అధికారులు ఇకనైనా టెండరు పత్రంలోని ‘రేంజ్’ గడిని కొట్టేసి ఈ ప్రశ్నలు రాయాలి. 30 మీటర్ల దూరంలో కొలిచిన డెసిబెళ్లు ఎన్ని? స్థిరమైన కూతకు ఎన్ని, ఎక్కి దిగే కూతకు ఎన్ని? రోటరు వ్యాసమెంత, కంతలెన్ని, చుట్లెన్ని, దాన్నిబట్టి శ్రుతి ఎంత? రోటరు, స్టేటరుల మధ్య సందు ఎంత, దాన్ని ఎన్నాళ్లకోసారి సరిచూస్తారు? పూర్తి వేగానికి చేరడానికి ఎన్ని సెకన్లు? ఈ అంకెలు చెప్పలేని అమ్మకందారు తన సరుకును తానే కొలవలేదన్న మాట. బిగించాక పరీక్షను ఆదివారం తెల్లవారుజామున కాకుండా, పనిరోజు సాయంత్రం ట్రాఫిక్ ముదిరిన వేళ చేయాలి. సైరన్ కింద నిలబడి కాకుండా, చివరి మలుపు దగ్గర టీ బండి ముందు నిలబడి వినాలి. అక్కడ వినిపిస్తేనే బిల్లు చెల్లించాలి.